ఎకరాకు ఎంత, ఎవరి చేతికి?



2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతలు ముమ్మరంగా సాగే రోజులవి. ఒకే ఊళ్ళో ఒకరి చేను ఇంకా నిలబడి ఉంటుంది, ఒకరిది కోసి పనల మీద ఉంటుంది, ఇంకొకరు కుప్ప వేసుకుని ఉంటారు, మరొకరు నూర్చిన ధాన్యాన్ని రోడ్డు వార ఆరబోసి పట్టాలు కప్పుకుని ఉంటారు. గాలీ వానా ఈ నలుగురినీ ఒకే రాత్రి పట్టుకున్నాయి. తెల్లారేసరికి నిలబడ్డ చేను నేలకొరిగింది, పనలు నీళ్ళలో నానాయి, కుప్పకు అడుగు తడిసింది, పట్టా కింది ధాన్యం వేడెక్కింది.

నీళ్ళు తీశాక అలాంటి చేలోకి దిగి ఒక కంకి దూసి అరచేతిలో వేసుకుని చూడండి. గింజ కొసన తెల్లగా, సూది మొనంత మొలక కనిపిస్తుంది. గింజకు నిద్రావస్థ ఉన్న రకమైతే కొన్నాళ్ళు తట్టుకుంటుంది. లేని రకమైతే మూడో రోజుకే మొలక. ఇలాంటప్పుడు వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పే ఉపాయం ఒకటుంది. లీటరు నీళ్ళకు 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద పిచికారీ చేయమంటారు. మొన్నటిదాకా పురుగుమందు కొట్టిన స్ప్రేయరుతోనే ఉప్పునీళ్ళు కొట్టి, పనలు తిరగేసి, మళ్ళీ కొడతారు. ఉప్పు బస్తా పొలానికి మోసుకెళ్ళే రోజు రైతుకు మంచిరోజు కాదు.

ఆ తర్వాత అధికారులు వస్తారు, నష్టం రాసుకుంటారు, టీవీలో "ఎకరాకు ఇంత" అని ప్రకటన వస్తుంది. ఆ డబ్బు ఎక్కణ్ణించి వస్తుంది, ఏ లెక్కన వస్తుంది, చివరికి ఎవరి ఖాతాలో పడుతుంది అన్నది ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు ఎక్కణ్ణించి అన్నది. 2005లో పార్లమెంటు విపత్తు నిర్వహణ చట్టం చేసింది. దాని కింద ప్రతి రాష్ట్రంలో ఒక విపత్తు స్పందన నిధి ఉంటుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ నిధిలో నూటికి 75 రూపాయలు కేంద్రానివి, 25 రాష్ట్రానివి. పెద్ద విపత్తు వచ్చి ఆ నిధి చాలకపోతే జాతీయ నిధి నుంచి అడగాలి. అప్పుడే కేంద్ర బృందాలు వచ్చి గట్ల మీద నిలబడి ఫొటోలు చూసుకుని వెళ్తుంటాయి. ఏ నష్టానికి ఎంత ఇవ్వాలన్న పట్టిక కేంద్రమే తయారు చేస్తుంది. 2022లో సవరించిన పట్టిక ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న పంటకు 17,000, తోటల్లాంటి బహువార్షిక పంటలకు 22,500. ఎవరికైనా రెండు హెక్టార్ల వరకే. అంటే ఐదెకరాలకు కొంచెం తక్కువ.

మనం ఎకరాల్లో లెక్కేసుకునేవాళ్ళం కాబట్టి ఎకరాల్లోనే చెప్తాను. మాగాణి వరికి ఎకరాకు 6,900 రూపాయల లోపే. మెట్ట పంటకు 3,450 కంటే తక్కువ. దుక్కి, నారు, నాట్లు, ఎరువులు, మందులు, కలుపు, కోత మిషను అన్నీ వేసుకుంటే ఎకరా వరికి పాతిక ముప్పై వేలకు తగ్గని డెల్టాలో ఈ డబ్బు ఏ మూలకు? కౌలు బస్తాలు ఇంకా లెక్కలో వేయలేదు, గమనించండి.

ఈ డబ్బు చాలదన్న మాట నిజమే. కానీ ఈ సాయాన్ని పోయిన పంట ధరతో పోల్చి తిట్టుకోవడం వల్ల దారి దొరకదు. పంట విలువ కట్టి ఇవ్వడం పట్టిక ఉద్దేశమే కాదు. రైతు చేతులెత్తేయకుండా మళ్ళీ విత్తనం, ఎరువు కొనుక్కుని చేలోకి దిగడానికి ఇచ్చే చేయూత అది. అందుకే ప్రభుత్వ కాగితాల్లో దాన్ని పెట్టుబడి రాయితీ అంటారు. పంట విలువకు రక్షణ కావాలంటే అది బీమా పని. ఈ రెండూ కలిపేసి మాట్లాడటం వల్ల రైతు రెండు చోట్లా మోసపోయినట్టు బాధపడతాడు.

రాష్ట్రాలు తమ జేబులోంచి కొంత కలిపిన సందర్భాలున్నాయి. 2023 మార్చిలో వడగళ్ళ వానకు ఖమ్మం జిల్లాలో మొక్కజొన్న నేలమట్టమైనప్పుడు, బోనకల్లు మండలానికి వచ్చిన అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించారు. కౌలు రైతులకు కూడా దక్కాలన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వరికి హెక్టారుకు 25,000 రూపాయలు చేసింది. అదీ ఎకరాకు 10,000 లెక్కే. కేంద్రం పట్టికకు పైన వేసిన ప్రతి రూపాయీ రాష్ట్ర ఖజానాదే కాబట్టి ఈ ఔదార్యం తుపాను తుపానుకూ, సంవత్సరం సంవత్సరానికీ మారిపోతుంటుంది. రైతు దాన్ని నమ్ముకుని లెక్క వేసుకోలేడు.

ఇక ఎంత పోతే ఇస్తారన్నది. పంటలో 33 శాతం, ఆపైన నష్టం ఉండాలి. 2015కు ముందు ఇది 50 శాతం. సగం పంట పోతేనే నష్టం కింద లెక్క. ఆ ఏడాది ఉత్తరాదిన అకాల వర్షాలకు గోధుమ పోయాక, ఏప్రిల్లో ప్రధానమంత్రి ఆ గీతను 33కు దించారు, రేట్లను ఒకటిన్నర రెట్లు చేశారు. మంచి మార్పే. కానీ గీత ఎక్కడ గీసినా దానికి అటూ ఇటూ మనుషులుంటారు.

ఒరిగిన చేలో 33 శాతాన్ని ఎలా కొలుస్తారో చూడాలి. గ్రామ వ్యవసాయ సహాయకుడు, రెవెన్యూ నుంచి ఒకరు కలిసి వస్తారు. గట్టు మీద నిలబడి చేనంతా చూస్తారు. దిగి నాలుగు చోట్ల కంకులు పట్టుకుని చూస్తారు. సర్వే నంబరు వారీగా ఫోనులో ఫొటో తీస్తారు. మంచి ఉద్యోగి అయితే చేను మూలమూలా తిరుగుతాడు. రోజుకు ఎన్ని ఎకరాలు పూర్తి చేశావని పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటే గట్టు మీదే లెక్క తేలిపోతుంది. అందులో అతని తప్పు కొంతే. పూర్వం రెవెన్యూ వాళ్ళు రూపాయిలో ఎన్ని అణాల పంట పండిందని కళ్ళతో అంచనా కట్టి శిస్తు వజా చేసేవారు. ఇప్పుడు ఫోనుంది, ఉపగ్రహం ఉంది, యాప్ ఉంది. చివరికి శాతం మాత్రం ఆ పాత కన్నే చెప్తోంది.

సరే, ఒక రైతు చేలో నష్టం 30 శాతం అని తేలిందనుకుందాం. అతనికి రాయితీ రాదు. నిబంధన అంతే. మిగిలిన 70 శాతం పంట ఉంది కదా, అమ్ముకుంటాడు కదా అనిపిస్తుంది. అతను ఆ ధాన్యం పట్టుకుని కొనుగోలు కేంద్రానికి వెళ్తాడు. అక్కడ ఇంకో పట్టిక ఉంటుంది. తేమ 17 శాతం దాటకూడదు. రంగు మారినవీ, పాడైనవీ, మొలకెత్తినవీ, పురుగు పట్టినవీ అన్నీ కలిపి 5 శాతం దాటకూడదు. తుపాను తడిపిన ధాన్యంలో 5 శాతం రంగు మారకుండా ఎలా ఉంటుంది? సంచిలోంచి గుప్పెడు తీసి తెల్ల పళ్ళెంలో పోసి చూస్తారు. పళ్ళెంలో గోధుమ రంగు గింజలు కనపడగానే తరుగు మాట మొదలవుతుంది. మిల్లుకు తీసుకెళ్తే బస్తాకు ఇన్ని కిలోలు కొట్టేస్తామంటారు. లేకపోతే ధరలోనే తగ్గిస్తారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఇక్కడే నా అసలు ఫిర్యాదు. ఐదు శాతం గింజ చెడితే ఆ ధాన్యం కొనడానికి పనికిరాదని ఒక ప్రభుత్వ కాగితం చెప్తుంది. ముప్పై మూడు శాతం పోతే తప్ప నష్టమే కాదని ఇంకో ప్రభుత్వ కాగితం చెప్తుంది. ఐదుకూ ముప్పై మూడుకూ మధ్య ఇరుక్కున్న రైతుకు ఏ కాగితమూ లేదు. తుపాను వచ్చిన ఏడాదల్లా కొనుగోలు ప్రమాణాలు సడలించమని రాష్ట్రాలు కేంద్రానికి ఉత్తరాలు రాస్తాయి. అక్కణ్ణించి బృందం వచ్చి నమూనాలు తీసుకువెళ్తుంది. సడలింపు ఒక్కోసారి వస్తుంది. అది వచ్చేలోపు రైతు ఎంతకో అంతకు అమ్మేసి ఉంటాడు. ఇంట్లో తడి ధాన్యం పెట్టుకుని ఉత్తరం కోసం ఎవరు ఎదురుచూస్తారు? తుపాను తీరం దాటి, జిల్లాను బాధిత జిల్లాగా ప్రకటించిన రోజే ఆ జిల్లా వరకు ఆ ఐదు శాతం నిబంధన దానంతటదే సడలిపోయేలా ముందే రాసి పెట్టుకోవచ్చు. ఇందుకు కొత్తగా నిధులక్కర్లేదు, ముందుచూపు ఉంటే చాలు.

విపత్తు సాయం పట్టికలో ఇంకా చాలా ఉన్నాయి, రైతులకే తెలియనివి. వరద తగ్గాక పొలంలో ఇసుకో ఒండ్రో మూడు అంగుళాలకు మించి పేరుకుంటే, అది తీయించుకోవడానికి హెక్టారుకు 18,000 రూపాయలు. ఏరు దారి మార్చి నేలనే కోసుకుపోతే 47,000. ఇవి చిన్న, సన్నకారు రైతులకు. పాలిచ్చే గేదె గానీ ఆవు గానీ చనిపోతే 37,500, దుక్కిటెద్దుకు 32,000, గొర్రెకూ మేకకూ 4,000, కోడికి 100. పశువు చచ్చిపోతే కంగారులో వెంటనే పూడ్చేయకండి. పశువైద్యుణ్ణి పిలిపించి పరీక్ష చేయించి, కాగితం తీసుకున్నాకే పూడ్చండి. ఆ కాగితం లేక పైసా రానివాళ్ళు ప్రతి వరదలోనూ ఉంటారు.

ఇప్పుడు మూడో ప్రశ్నకు వద్దాం. ఎవరి చేతికి? నా దృష్టిలో ఎంత ఇస్తున్నారన్న దానికంటే పెద్ద ప్రశ్న ఇది.

ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు ఈ-క్రాప్ వెంట నడుస్తుంది. సీజన్లో మీ పొలానికి వ్యవసాయ సహాయకుడు వచ్చి, ఏ సర్వే నంబరులో, ఎన్ని సెంట్లలో, ఏ పంట వేశారో నమోదు చేసి, చేను ఫొటో తీసి, మీ చేత వేలిముద్ర వేయిస్తాడు. తుపాను వచ్చినప్పుడు నష్టం జాబితా తయారయ్యేది దీని మీదే. జాబితాను రైతు సేవా కేంద్రంలో అంటిస్తారు. తప్పులుంటే అభ్యంతరం చెప్పుకోవచ్చు. పద్ధతిగా చూస్తే ఇది పాత రోజులకంటే మెరుగు. ఒకప్పుడు పంట పోయినవాడి పేరు రావాలంటే ఊరి పెద్దమనిషి దగ్గర చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడు గోడ మీద జాబితా ఉంది.

కానీ ఆ జాబితాలో పేరు ఎవరిది? గోదావరి, కృష్ణా డెల్టాల్లో చాలా ఊళ్ళలో చేలో దిగేవాళ్ళలో ఎక్కువమంది కౌలుదార్లే. భూమి ఒకరిది, చెమట ఇంకొకరిది. పంట పోతే పెట్టుబడి పోయేది కౌలుదారుది. చాలా ఊళ్ళలో కౌలు ముందే కట్టాలి, లేదా పండినా పండకపోయినా మాట ఇచ్చిన బస్తాలు కొలవాలి. తుపాను వచ్చిందని కొంచెం తగ్గించే యజమానులు లేకపోలేదు, మంచివాళ్ళు. కాగితం మీద మాత్రం సాగుదారు యజమానే. కౌలుదారు పేరు ఎక్కాలంటే అతని దగ్గర ఏదో ఒక ఆధారం ఉండాలి.

ఆ ఆధారం కోసం చట్టాలు చేయలేదా అంటే, చేశారు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. కౌలుదారు దరఖాస్తు పెట్టుకుంటే, గ్రామసభలో విచారించి రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. యజమాని సంతకం తప్పనిసరి కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, దాని మీద కార్డు. భూమి మీద కౌలుదారుకు ఏ హక్కూ రాదని చట్టమే స్పష్టంగా చెప్పింది. యజమానులకు భయం పోగొట్టాలన్నది ఉద్దేశం. అయితే ఒప్పందం మీద యజమాని సంతకం కావాలన్నారు. ఆ ఒక్క సంతకం దగ్గరే మొత్తం ఆగిపోయింది.

యజమాని ఎందుకు పెట్టడు? ఒక కారణం పాత భయం. 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టం రోజుల నుంచీ, కౌలుదారు పేరు కాగితం మీదికి వస్తే భూమి చేజారుతుందన్న మాట ఇళ్ళలో తరతరాలుగా వస్తోంది. రెండో కారణం ఎవరూ పైకి చెప్పరు. ఆ భూమి మీద పంట రుణం యజమానే తీసుకుని ఉంటాడు. ఒకే భూమి మీద బ్యాంకు ఇద్దరికి అప్పివ్వదు. కాబట్టి కౌలుదారుకు కార్డు రావడం అతనికి నచ్చదు. మూడోది మరీ మామూలు కారణం. యజమాని ఊళ్ళో లేడు. హైదరాబాదులో ఉన్నాడు, బెంగళూరులో ఉన్నాడు, డాలస్‌లో ఉన్నాడు. ఏడాదికి ఒకసారి సంక్రాంతికి వస్తాడు, కౌలు డబ్బు ఫోనులో పడుతుంది. సంతకం కోసం కౌలుదారు ఎక్కడికని వెళ్తాడు?

ఇందువల్ల జరిగేది ఏమిటంటే, తుపాను సాయం డాలస్‌లో ఉన్నాయన బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆయనకు అది ఎందుకు పడిందో కూడా తెలియదు. ఫోనుకు మెసేజీ వస్తే ఏదో ప్రభుత్వ డబ్బు అనుకుంటాడు. పంట పోయినవాడు అదే రోజు ఎరువుల కొట్టు ముందు నిలబడి ఇంకో వాయిదా అడుగుతుంటాడు. కౌలుదారుకు ఆ డబ్బు తెచ్చి ఇచ్చే యజమానులున్నారని విన్నాను, ఒకరిద్దరిని చూశాను కూడా. ఒక పథకం మనుషుల మంచితనం మీద ఆధారపడి నడవకూడదు.

తెలంగాణలో ఈ చిక్కు ఇంకో రూపంలో ఉంది. పాత పహాణీలో పట్టాదారు పక్కన అనుభవదారు అని ఒక గడి ఉండేది. నిజంగా ఎవరు దున్నుతున్నారో అందులో రాసేవారు. భూ రికార్డుల ప్రక్షాళన తర్వాత అప్పట్లో వచ్చిన కొత్త వ్యవస్థలో ఆ గడి పోయింది. భూ తగాదాలు తగ్గాలని తీసేశారన్నారు. కౌలుదారుకు మాత్రం తాను సాగు చేస్తున్నానని చూపించుకునే ఆ చిన్న ఆధారం కూడా పోయింది. బోనకల్లులో ముఖ్యమంత్రి కౌలు రైతులకూ సాయం అని చెప్పవలసి వచ్చిందంటేనే, మామూలుగా అది అందదని అర్థం.

కరువు సంగతి రెండు మాటల్లో చెప్తాను. తుపానుకు నష్టం రైతు రైతునూ చూసి రాస్తారు. కరువుకైతే ముందుగా మండలాన్ని కరువు మండలంగా ప్రకటించాలి. 2023 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్ 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించింది. వానల లోటు, ఎండు విరామం, నేలలో తేమ, సాగైన విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాలు, ఇవన్నీ కలిపి 2016 నాటి కేంద్ర కరువు మాన్యువల్ ప్రకారం తేలుస్తారు. మండలం సరిహద్దు రోడ్డయితే, రోడ్డుకు ఇటు వేరుశనగ ఎండినట్టు, అటు ఎండనట్టు. వాన చుక్కకు మండలం ఎల్లలు తెలియవు కానీ, జీవోకు తెలుసు.

డబ్బు ఎప్పుడొస్తుందన్నది దీనికంటే ఘోరం. 2023 ఖరీఫ్ కరువుకూ, డిసెంబరు మిగ్‌జాం తుపానుకూ కలిపి 2024 మార్చిలో దాదాపు 1,300 కోట్ల రూపాయలు, 11 లక్షలకు పైగా రైతులకు విడుదల చేస్తున్నట్టు ప్రకటించారు. ఖాతాల్లో పడకముందే ఎన్నికల ప్రకటన వచ్చింది. ఎన్నికల నియమావళి, హైకోర్టు, ఎన్నికల సంఘం, వీటి మధ్య ఆ డబ్బు మే 13 పోలింగ్ దాటేదాకా కదల్లేదు. తప్పు ఎవరిది అన్న వాదన నేను ఎత్తను, అది రాజకీయ వేదికల మీద కావలసినంత జరిగింది. నాకు కావలసింది తేదీలు. పంట పోయింది డిసెంబరులో. నీళ్ళు తీసి మినుమో, జొన్నో, మొక్కజొన్నో వేసుకోవలసింది డిసెంబరు చివర, జనవరిలో. డబ్బు వచ్చింది ఎండాకాలంలో. మళ్ళీ విత్తుకోవడానికి ఇచ్చే సాయం విత్తే రోజులు పోయాక వస్తే దానికి అర్థమేముంది? ఆ మధ్యకాలంలో రైతుకు అప్పు ఇచ్చింది కమీషన్ వ్యాపారి. నూటికి రెండో మూడో వడ్డీ. ప్రభుత్వం పంపిన డబ్బులో కొంత భాగం ఆ వడ్డీకే సరిపోతుంది. అంటే ఆలస్యమైన ప్రతి నెలా సాయం మొత్తం తగ్గిపోతూ ఉంటుంది, ఏ జీవో తగ్గించకుండానే.

బీమా గురించి ఒక్క మాట. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో చేరినవారికి ఒక వెసులుబాటు ఉంది. కోసి పొలంలో ఆరబెట్టిన పనలు పద్నాలుగు రోజుల లోపు తుపానుకో అకాల వర్షానికో తడిస్తే దానికీ క్లెయిము పెట్టుకోవచ్చు, ఆ పంటకు రాష్ట్రం ఆ అంశాన్ని నోటిఫై చేసి ఉంటే. అయితే నష్టం జరిగిన 72 గంటల లోపు చెప్పాలి. తుపాను రాత్రి కరెంటు పోతుంది, టవర్లు పడిపోతాయి, ఫోనులో చార్జింగ్ ఉండదు. ఆ 72 గంటలు ఎప్పటి నుంచి లెక్కో ఆ నిబంధన రాసినవారు ఒకసారి తుపాను ఊళ్ళో రాత్రి గడిపి చెప్తే బాగుండును.

మురుగు కాలువల మాట ఎత్తకుండా ఈ విషయం ముగించడం న్యాయం కాదు. డెల్టాలో పంట వాన వల్ల పోయేది కొంత, పడిన నీళ్ళు పోక చచ్చిపోయేది ఎక్కువ. ఇది కొత్తగా తెలిసింది కాదు. 1960లలోనే మిత్రా కమిటీ డెల్టా మురుగు కాలువల మీద నివేదిక ఇచ్చింది. ఆ పనుల కోసమని రైతుల దగ్గర డ్రైనేజీ సెస్సు కూడా వసూలు చేశారు. ఇవాళ ఏ డ్రైను వంతెన మీద నిలబడి చూసినా నీళ్ళు కనబడవు, గుర్రపుడెక్క కనబడుతుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో గిట్టుబాటు ధరతో పాటు ఈ ముంపు కూడా ఉంది. దాని మీద మోహన్ కందా కమిటీ వేశారు. ఆ కమిటీ కూడా నివేదిక ఇచ్చింది. ప్రతి ఏడాదీ ఎకరాకు పదివేలు పంచడం కన్నా డ్రైనులో పూడిక తీయడం చవకని చెప్పడానికి ఇంజనీరు అవసరం లేదు. పూడిక తీస్తే మాత్రం ఏ రైతు ఫోనుకూ మెసేజీ రాదు, చిక్కంతా అక్కడే ఉంది.

రైతు సోదరులూ, అక్కచెల్లెళ్ళూ, మీరు చేయగలిగినవి చెప్తాను. నాట్లు అవగానే ఈ-క్రాప్ వేయించుకోండి. వేలిముద్ర పడిందో లేదో అడిగి రసీదు తీసుకోండి. మీ బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిసి ఉందో లేదో చూసుకోండి. తుపాను తర్వాత జాబితా గోడ మీద పెట్టిన రోజే వెళ్ళి చదవండి, చదవడం రానివాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళండి. పేరు లేకపోతే నోటితో చెప్పి ఊరుకోకుండా అర్జీ రాసి ఇచ్చి, దానికి నంబరు వేయించుకోండి.

చివరిగా, ఊళ్ళో భూమి ఉండి ఊళ్ళో లేని యజమానులకు ఒక విన్నపం. ఈ కార్యక్రమాన్ని మీలో కొందరు ఫోనులో, ఎక్కడో దూర దేశంలో వింటుంటారని తెలుసు. మీ పొలంలో ఈ ఏడు నాగలి పెట్టింది మీరు కాదు. పంట పోతే నష్టపోయేదీ మీరు కాదు. ఆ పదకొండు నెలల ఒప్పందం మీద సంతకం పెట్టినందువల్ల మీ పట్టాకు గానీ, పాసుపుస్తకానికి గానీ ఏ హానీ లేదని చట్టంలోనే ఉంది. ఖరీఫ్ మొదలవ్వకముందే మీ కౌలుదారుకు ఫోను చేయండి. కాగితం తెప్పించుకుని సంతకం పెట్టి పంపండి. కిందటి తుపానుకు మీ ఖాతాలో పడిన డబ్బు ఇంకా మీ దగ్గరే ఉంటే, అది కూడా పంపించేయండి.